చప్పుడు లేని పాఠం

ఇనప బకెట్టుని నిటారుగా పెడితే ధార అడుగున పడి మోగుతుంది. అందుకని చిన్ని దాన్ని ఒక పక్కకి వాల్చి, నీళ్లు లోపలి అంచు వెంబడి జారేలా కొళాయి కింద పట్టుకుని ఉంది. నిండేకొద్దీ కొంచెం కొంచెంగా నిలబెడుతూ రావాలి. తొందరపడితే గుడగుడమంటుంది. ఆలస్యమైతే నేలమీద ఒలుకుతుంది. బరువంతా ఎడమ మణికట్టు మీద ఉంది. సగం నిండాక మోకాలు అడ్డం పెట్టి ఆన్చింది.

తెరకి అవతల ముందు గదిలో అన్నయ్య నిద్రపోతున్నాడు. అతనిది బేకరీలో రాత్రి పని. పిండి కలిపి, ముద్దలు చేసి, బట్టీలోంచి చివరి రేకు తీసి, ఏడింటికి ఇంటికొస్తాడు. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో పిండి మిగిలే ఉంటుంది. ఏడున్నరకి కళ్లమీద తడిగుడ్డ వేసుకుని గోడవైపు తిరిగాడంటే మళ్లీ రెండింటికే లేవడం. ఇల్లంతా కలిపి ఆ గది, ఈ వంటిల్లు. మధ్యలో తలుపు కూడా లేదు, ఒక గుడ్డ తెర తప్ప.

అందుకే ఆ ఇంట్లో పగటిపూట చప్పుడు ఉండదు. గిన్నెకీ గిన్నెకీ మధ్య పాతగుడ్డ ముక్కలు ఉంటాయి. వదిన పొద్దున్నే గాజులన్నీ కలిపి దారం చుట్టేసుకుంటుంది. వీధి తలుపుకి కింది బందు వదులైపోయింది, ఊరికే వదిలేస్తే ధడాల్మని పడుతుంది. గడియ పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి, ఎత్తినది ఎత్తినట్టే దగ్గరికి తెచ్చి మూయాలి. ముగ్గురికీ ఆ ఒడుపు అలవాటైపోయింది. చలికాలంలో ఒకసారి చిన్ని చేతిలోంచి మూత జారిపడింది. అన్నయ్య లేచి కూర్చున్నాడు. గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. మళ్లీ కన్ను మూతపడలేదు. ఆ రాత్రి బట్టీ దగ్గర తూలి, కాలుతున్న రేకుకి ముంజేయి ఆన్చుకున్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ జానెడు పొడుగున నల్లగా ఉంది. అది కనబడినప్పుడల్లా చిన్ని చూపు తిప్పుకుంటుంది.

పోనీ సాయంత్రమా అంటే, అన్నయ్య పనికి వెళ్లిపోయి, చిన్ని తన పని నుంచి వచ్చేసరికి వదిన పసిదాన్ని పడుకోబెట్టి ఉంటుంది. ఎనిమిది నెలల పిల్ల. చీమ తుమ్మినా లేస్తుంది. మొత్తానికి ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు.

బకెట్టు నిండింది. చిన్ని దాన్ని రెండు చేతులతో ఎత్తి గోడవారగా దింపింది. నేల తగిలేముందు ఒక్క క్షణం ఆపి, అప్పుడు వదిలింది. చేతులు తుడుచుకుని పొయ్యిగట్టుకీ గోడకీ మధ్య ఉన్న సందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోను తీసింది. పక్కింటి టీచరమ్మ దయతలచి ఇచ్చిన వైఫై ఆ సందు దాకానే వస్తుంది. ఒక అడుగు ఇవతలికి జరిగితే బొమ్మ ఆగిపోయి చిన్న చక్రం తిరుగుతుంది. ఫోను ఒకసారి పనిచోట నీళ్ల తొట్టిలో పడింది. ఆరబెడితే బతికింది కానీ ఇయర్‌ఫోను పెట్టే కన్నం పాడైపోయింది. కాబట్టి ఏం చూసినా బొమ్మే, మాట ఉండదు.

ఆమె చూసేది బరువులెత్తే వీడియోలు. స్నాచ్ అంటారు దాన్ని. నేలమీదున్న బారుని, అంటే బరువుల కడ్డీని, ఒక్క ఊపులో తలపైకి తీసుకెళ్లి, కింద కూర్చుని పట్టుకుని, దాంతోపాటు లేచి నిలబడాలి. మూడు నెలల క్రితం వెతకడం మొదలుపెట్టినప్పుడు వందలకొద్దీ వచ్చాయి. ఒకడు పాదాలు దగ్గరగా పెట్టమన్నట్టు చూపిస్తాడు, ఇంకొకడు దూరంగా. ఒకామె బారు కింద పడేసి నవ్వుతుంది. కొన్నిట్లో పాఠం కంటే బాణాలూ మెరుపులూ ఎక్కువ. ఒకదాంట్లో అయితే పండుజుట్టు పెద్దావిడ ఒకరు కుర్చీలో కూర్చుని, కాళ్ల దగ్గర బారు పెట్టుకుని, మాట్లాడుతూనే ఉంటుంది. నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆ బారుని ముట్టుకోదు. ఎందుకో అది మాటిమాటికీ పైకొచ్చేది. చిన్ని ప్రతిసారీ బొటనవేలితో పక్కకి తోసేసేది.

చివరికి ఆమెకి నచ్చింది ఎర్ర బనీను వాడు. అతను తొందరపడడు. ఒకే స్నాచ్‌ని నాలుగైదు రకాలుగా, నెమ్మదిగా, పక్కనుంచీ ముందునుంచీ చేసి చూపిస్తాడు. అతని భాష తనకి రాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది, కాబట్టి మాట వినకపోయినా నష్టం లేదనుకుంది. ఆ రకాల్లో మూడోది ఆమెకి బాగా పట్టుబడింది. అందులో బారు ఒంటికి దూరంగా, అందమైన గుండ్రంతో గాల్లోకి తిరిగి పైకెళుతుంది. మనిషి చిన్న గెంతుతో ముందుకెళ్లి దాన్ని అందుకుంటాడు. లాండ్రీలో వాడే అట్ట చీటీల వెనక ఆమె ఆ మూడో రకాన్ని పుల్లల మనుషులుగా బొమ్మలు వేసుకుంది. మొత్తం పదకొండు బొమ్మలు. వాటికి రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకుంటుంది.

వదిన పసిదాన్ని చంకనేసుకుని వచ్చి ఫోన్లోకి తొంగిచూసింది.

"మళ్లీ వీడేనా?" అంది పెదాలతోనే. "వీడికి పెళ్లయిందో లేదో కనుక్కున్నావా?"

"బారుతో అయిపోయింది," అంది చిన్ని, అంతే నెమ్మదిగా.

వదిన నవ్వు ఆపుకోవడానికి పసిదాని పొట్టలో ముఖం దాచుకుంది.

తలుపు పైకెత్తి మూసి చిన్ని బయటపడేసరికి తొమ్మిది కావస్తోంది. స్టేడియం వెనక వెయిట్‌లిఫ్టింగ్ హాలు ఉంది. తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర దాకా కోచ్ నేర్పే పిల్లలు చేస్తారు. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎవరైనా రావచ్చు. అయితే ఆ టైముకి కోచ్ ఉండడు. మొదటివారం చిన్ని ఆయన కోసం ఎనిమిదిన్నరకే వెళ్లి గుమ్మంలో నిలబడి నేర్పమని అడిగింది. ఆయన మోకాలికి పట్టీ బిగించుకుంటూ, ఎంపికైన వాళ్లకే నేర్పుతానన్నాడు. ఎంపిక ఎలా జరుగుతుందని అడిగితే, మూడు నెలలకోసారి పెడతాం, బారుతో పదిసార్లు స్నాచ్ చేసి చూపించాలన్నాడు. రానివాళ్లు ఎలా చేస్తారని అడగాలనిపించింది. కానీ ఆయన అప్పటికే వెళ్లిపోతున్నాడు.

ఆ ఎంపిక ఈ శనివారం. నోటీసులో వయసు ఇరవైమూడు లోపు అని రాసి ఉంది. చిన్నికి వచ్చే నెలలో ఇరవైమూడు నిండుతాయి. ఇది దాటితే ఇక లేదు.

హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. ఎవరో అమ్మాయిల్ని వీడియో తీశారట, అప్పటినుంచీ గుమ్మం దగ్గర పెట్టెలో వేసి లోపలికి వెళ్లాలి. ఆ పెట్టె దగ్గర తాళాలావిడ కూర్చుంటుంది. హాలు తెరవడం, తుడవడం, మూయడం ఆవిడ పని. మూడు నెలల్లో ఆవిడ చిన్నితో మాట్లాడింది తక్కువ. రోజూ ఫోను తీసుకుంటుంది, అద్దం పగిలిన వైపు కిందకి రాకుండా జాగ్రత్తగా పెడుతుంది.

చిన్ని చీటీలు గోడవారగా వరసగా పరిచింది. సుద్దపొడి చేతులకి రాసుకుని, పదిహేను కిలోల ఖాళీ బారు ముందు నిలబడింది. ఒకటి. బారు గుండ్రంగా తిరిగింది, ఆమె ముందుకి గెంతి పట్టుకుంది. రెండు. మూడు. ముప్పైదాకా చేసి కూర్చుంది. భుజం ముందువైపు ఒక నరం రెండు వారాలుగా లాగుతోంది. కొత్తలో అలాగే ఉంటుందిలే అనుకుంది.

*

ఆసుపత్రి లాండ్రీలో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఏడు దాకా ఆమె పని. మాటలు వినబడేంత నిశ్శబ్దం అక్కడ ఎప్పుడూ ఉండదు. నాలుగు పెద్ద డ్రమ్ములు ఒకేసారి తిరుగుతుంటే నేల కూడా అదురుతుంది. ఇంట్లో చప్పుడు చేయకూడదు, ఇక్కడ చేసినా వినబడదు. తడిసిన దుప్పట్ల మూటని డ్రమ్ము నోట్లోకి వేయాలంటే ఒక కిటుకు ఉంది. మూటని ఒంటికి దూరంగా ఊపి, ఆ ఊపుతోనే ముందుకో అడుగు వేసి, లోపలికి విసరాలి. ఒంటికి ఆన్చుకుంటే బట్టలు తడుస్తాయి. ఇది ఆమెకి మడతలక్క నేర్పింది. లాండ్రీలో చేరిన నాటినుంచీ దుప్పట్లు మడతపెట్టి పెట్టి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. ఆవిడకి చిన్ని హాలుకి వెళ్లడం వింతగా ఉంటుంది.

"ఇక్కడ ఎత్తింది చాలక అక్కడికెళ్లి కూడా ఎత్తుతావా తల్లీ?" అని చెవిలో అరుస్తుంది. "అక్కడ మెడల్ ఇస్తారట. ఇక్కడ నడుంనొప్పి ఇస్తారు. ఏది కావాలో నువ్వే చూసుకో."

చిన్ని నవ్వి మూట ఊపింది. రోజుకి నూటయాభై మూటలు. సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకోవడానికి చెయ్యెత్తితే భుజం మళ్లీ లాగింది.

బుధవారం ఆమె హాలుకి వెళ్లేసరికి తాళాలావిడ తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ చిన్ని వచ్చేలోపే తుడిచేసేది, ఈ రోజు ఆలస్యమైంది. చెక్క ప్లాట్‌ఫారం మీద పొద్దుటి పిల్లల సుద్ద అడుగులు అలాగే ఉన్నాయి. ఆవిడ చిన్నిని చూసి తుడవడం ఆపింది. కాసేపు ఏదో తేల్చుకోలేనట్టు గుడ్డని పిండింది.

"అమ్మాయ్, ఒక మాటంటాను, ఏమీ అనుకోకు," అంది. "నాకీ ఆట గురించి ఒక్క ముక్క తెలీదు. ఇన్నేళ్లలో ఒక్క రోజు ఆ కడ్డీ ముట్టుకోలేదు. నేను తుడిచేదాన్ని."

"చెప్పండి పెద్దమ్మా."

"ఇవి చూడు."

ఆవిడ తుడుపుకర్ర కొసతో చూపించింది. ప్రతి చోటా రెండు జతల అడుగులు. ఒకటి ఎత్తకముందు నిలబడినవి, ఒకటి ఎత్తాక పడినవి. రెండో జత మొదటి జత పక్కనే, కాస్త ఎడంగా, అక్కడే పడి ఉంది. కొన్ని వెంట్రుకవాసి వెనక్కి ఉన్నాయి.

"నువ్వెళ్లాక కూడా నేనే తుడుస్తాను కదా. నీవి ఎప్పుడూ ఇంత ముందుకి పడి ఉంటాయి." ఆవిడ చేత్తో మూరెడు చూపించింది. "ప్రతి రోజూ అంతే. ఏ పిల్ల అడుగులూ అలా ముందుకి పడగా నేను చూడలేదు. పడితే సార్ అరుస్తాడు. నీకు అరిచేవాళ్లు లేరు కదా అని చెబుతున్నా."

చిన్ని చాలాసేపు ఆ అడుగులు చూసింది. తర్వాత పక్కనున్న ఇంకో ప్లాట్‌ఫారం మీద తను ఒకసారి చేసి, బారు దింపి, వెనక్కి జరిగి చూసుకుంది. మూరెడు. మళ్లీ చేసింది. మూరెడు. తాళాలావిడ తన పని చేసుకుంటూ పోయింది. పిల్లల అడుగులు తుడిచేసింది కానీ చిన్ని అడుగుల జోలికి రాలేదు.

*

గురువారం పొద్దున వదిన పసిదానికి స్నానం చేయిస్తోంది. చిన్ని సందులో కూర్చుని ఎర్ర బనీను వాడి వీడియో పెట్టింది. ఈసారి పాదాలు మాత్రమే చూసింది. మొదటి రకంలో పాదాలు ఉన్నచోటే దిగాయి. మూడో రకంలో ముందుకి వచ్చాయి. మరి రెండూ చూపిస్తున్నాడేం? ఫోను అంచున ఉన్న సౌండు మీట మీద వేలు పెట్టి తెరవైపు చూసింది. అన్నయ్య గురక ఒకే తీరుగా వస్తోంది. ఫోనుని చెవికి గట్టిగా అదుముకుని, పైన చున్నీ కప్పుకుని, మీటని ఒక్కసారి నొక్కింది.

సన్నగా ఒక గొంతు వచ్చింది. ఒక్క మాట అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదు కూడా. మొదటి రకం చేస్తున్నప్పుడు ఆ గొంతు మామూలుగా ఉంది. రెండోదానికి వచ్చేసరికి పసిపిల్ల పొయ్యి దగ్గరకి పాకుతుంటే అమ్మలు ఎలా అంటారో అలా అంది. ఉహు, ఉహు, ఉహు. మూడోదానికి అతను నవ్వాడు. తన మీద తనే వేళాకోళం చేసుకుంటున్నట్టు బారుని గుండ్రంగా తిప్పి, ముందుకి గెంతి, చూశారా ఎంత అసహ్యంగా ఉందో అన్నట్టు నవ్వాడు.

ఆమె మళ్లీ మొదటినుంచి విన్నది. మళ్లీ అదే. మొదటిది ఒక్కటే చేయవలసింది. మిగిలినవన్నీ చేయకూడనివి. అతను నిజాయితీగానే నేర్పాడు. ఆమే అతని నోరు నొక్కేసి చూసింది.

గురక ఆగింది. చిన్ని ఫోనుని ఒళ్లో బోర్లించి ఊపిరి బిగబట్టింది. అన్నయ్య అటు నుంచి ఇటు ఒత్తిగిలాడు. కాసేపటికి గురక మళ్లీ మొదలైంది.

వదిన తడి చేతులతో వచ్చి ఏమైందని కళ్లతో అడిగింది. చిన్ని తల అడ్డంగా ఊపింది. జేబులోంచి చీటీలు తీసి ఒక్కొక్కటే చూసింది. పదకొండు బొమ్మలూ చక్కగా ఉన్నాయి. ఎక్కడా గీత వంకరపోలేదు. వాటిని మళ్లీ రబ్బరు బ్యాండులో పెట్టింది కానీ జేబులో వేసుకోలేదు, పొయ్యిగట్టు మీద పెట్టి లేచింది.

ఆ రోజూ శుక్రవారమూ హాల్లో ఆమె మొదటి రకం చేయాలని చూసింది. ఒళ్లు వినలేదు. బారు మోకాళ్లు దాటగానే చేతులు వాటంతటవే వంగి, దాన్ని మూటలా అవతలికి ఊపేస్తున్నాయి. నెమ్మదిగా చేస్తే సగంలో ఆగిపోతోంది. వేగంగా చేస్తే మూరెడు ముందుకి పడుతోంది. తాళాలావిడని అడిగితే ఆవిడ తనకి తెలిసిందంతా చెప్పింది. సార్ "చేతులు! చేతులు!" అని అరుస్తాడట, "ఆగు, ఆగు, ఇప్పుడు!" అంటాడట, ఒక్కోసారి "నీ బారు నీకు చుట్టమా శత్రువా, ఎందుకంత దూరం?" అంటాడట. ఇవన్నీ తిట్లే. ఏ తిట్టు ఎప్పుడు పడుతుందో ఆవిడకి తెలుసు, అది పడకుండా ఎలా చేయాలో తెలీదు. అలాగని చెప్పి నొచ్చుకుంది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం లాండ్రీలో చిన్ని మూటని ఒంటికి ఆన్చుకుని ఎత్తబోయింది. చొక్కా ముందంతా తడిసిపోయింది, మూట డ్రమ్ము అంచుకి తగిలి కింద పడింది. మడతలక్క దగ్గరికొచ్చి నుదురు పట్టుకుని చూసింది జ్వరమేమోనని.

*

శనివారం ఏడింటికి హాల్లో పందొమ్మిది మంది ఉన్నారు. సగానికి పైగా చిన్నపిల్లలు, తల్లిదండ్రులు గోడవారగా నిలబడ్డారు. కోచ్ బల్లమీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆయన ముఖం కూడా రాత్రంతా పనిచేసి వచ్చిన వాడి ముఖంలానే ఉంది. ఒక్కొక్కరినీ పిలిచి పదిసార్లు చేయించి, కాగితం మీద ఏదో గీసుకుని, పొమ్మంటున్నాడు. ఒక పిల్ల అంతకుముందెప్పుడూ బారు ముట్టుకోనే లేదట, ఎత్తబోయి భయపడి నవ్వేసింది. ఆ పిల్లని ఉండమన్నాడు. ఇంకొకడు చాలా బరువు ఎత్తగలనని చెప్పుకున్నాడు. వాణ్ణి పొమ్మన్నాడు.

చిన్ని పేరు పద్నాలుగోది. గుమ్మంలో తాళాలావిడ ఫోన్ల పెట్టె మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. రాకుండా ఉండిపోదామని చిన్ని తెల్లవారుజామున ఒకసారి అనుకుంది. కానీ లేచి, బకెట్టు నింపి, వచ్చేసింది.

బారు ముందు నిలబడ్డాక ఏ రకం చేయాలో ఆలోచించలేదు. చేతులకి తెలిసిందే చేశాయి. బారు పదిసార్లు గుండ్రంగా తిరిగింది, ఆమె పదిసార్లు ముందుకి గెంతింది. దింపాక తలెత్తలేదు. కోచ్ గీసుకోలేదు. కాలు కిందికి దించి, కుంటుకుంటూ వచ్చి, ప్లాట్‌ఫారం మీద ఆమె అడుగుల దగ్గర వంగి చూశాడు. సుద్ద మరకలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే జతలా ఉన్నాయి.

"పదిసార్లూ అదే తప్పు," అన్నాడు. "వేలెడు తేడా లేదు. ఇంత శ్రద్ధగా తప్పు నేర్పింది ఎవరమ్మా నీకు?"

"ఫోన్లో చూసి నేర్చుకున్నాను సార్. ఎర్ర బనీను వేసుకున్నాయన."

"అది చేయకూడనివి చూపించే వీడియో."

"తెలుసు సార్. మొన్న తెలిసింది."

"మరి తెలిసీ ఎందుకు చేశావ్?"

"నాకు వచ్చింది అదొక్కటే."

గోడవారగా ఎవరో నవ్వారు. కోచ్ నవ్వలేదు. ఆయన ఆమె అరచేతులు చూపించమన్నాడు. చూసి, భుజం నొప్పా అని అడిగాడు. ఆమె తల ఊపింది. ఏ ఊళ్లో చదివావు, ఏం పని చేస్తావు అని ఏమీ అడగకుండా, కుర్చీలో కూర్చుని మాట్లాడే పెద్దావిడ వీడియో ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. ప్రతిసారీ దాన్ని పక్కకి తోసేసిన బొటనవేలిని చిన్ని పిడికిట్లో దాచుకుంది.

"ఆవిడ చేసి చూపించదు. చెబుతుంది. మన భాషలోనే చెబుతుంది," అన్నాడు కోచ్. "కర్ర పట్టుకుని, ఆవిడ చెబుతుంటే వింటూ చెయ్యాలి. ఆగమన్నచోట ఆగాలి. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు, అందుకే ఎవరూ చూడరు. నాకు నేర్పింది ఆవిడే." ఆయన మళ్లీ ఆ అడుగుల వైపు చూశాడు. "ఒక చోటు నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతాను. ఆఖరి శుక్రవారం రా. మాటివ్వడం లేదు. ఆ రోజు కూడా ఇవే అడుగులు పడితే ఇక నన్నడగొద్దు."

అని పదిహేనో పేరు పిలిచాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి పది అయింది. తలుపు ఎత్తి మూసింది. వదిన తెరకి ఇవతల పసిదాన్ని కాళ్లమీద వేసుకుని కూర్చుని ఉంది. ఏమైందని కనుబొమలెగరేసింది. చిన్ని పక్కన కూలబడి, అడుగుల సంగతి, ఎర్ర బనీను సంగతి, కుర్చీలో ఆవిడ సంగతి గుసగుసగా అంతా చెప్పింది. ఇన్ని మాటలు ఆమె ఒక్కసారే మాట్లాడటం వదినకి కొత్త. చివరిదాకా విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వినాలా? ఈ ఇంట్లోనా?" అంది. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "పసిది పుట్టిన కొత్తలో ఏడుపుకి నిద్రలేక మీ అన్నయ్య పదిహేను రోజులు బేకరీ గోడౌన్లో పిండి మూటల మీద పడుకున్నాడు, గుర్తుందా? బట్టీ గోడ పక్కనే. రొట్టెలతోపాటు ఆయనా కాలి వచ్చేవాడు. మెడంతా చెమటకాయలు. మళ్లీ అలా పొమ్మని నేను అడగలేను చిన్నీ."

"నేనడగమన్నానా?" అంది చిన్ని. "వద్దు. పెదాలు చూసి తెలుసుకుంటాను. కొంచెమైనా తెలీదా?"

వదిన పసిదాని జుట్టు సర్దింది. అప్పుడు చిన్నికి ఏదో లోటు అనిపించింది. ఏమిటా అని చూస్తే, తెరకి అవతల గురక లేదు. తెర సందులోంచి అన్నయ్య వీపు కనిపిస్తోంది. గోడవైపు తిరిగి కదలకుండా పడుకుని ఉన్నాడు. ఎప్పటినుంచి ఆగిందో ఆమె గమనించలేదు.

చిన్ని లేచి పనికి వెళ్లడానికి డబ్బా సర్దుకుంది.

*

ఆదివారం హాలుకి సెలవు. అన్నయ్య ఏడింటికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు, పసిదాన్ని ఒకసారి ఎత్తి దింపాడు, వదిన పెట్టింది తిన్నాడు. అడిగినవాటికి ఊ అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్న ఎంత నిద్రపోయాడో ఎవరూ అడగలేదు. వదిన చాప పరిచి, తడిగుడ్డ పిండి దిండు మీద పెట్టింది.

చిన్ని సందులో కూర్చుంది. చీపురు కర్ర ఊడదీసి పక్కన పెట్టుకుంది. ఇన్నాళ్లూ తోసేసిన వీడియోని ఈసారి తనే వెతికి పట్టుకుని తెరిచింది. కుర్చీ, పండుజుట్టు, కాళ్ల దగ్గర బారు. ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టింది. చిన్ని కళ్లు చికిలించి ఆ పెదాలనే చూసింది. పెదాలు కలిసినప్పుడల్లా ఏ మాటై ఉంటుందా అని తన పెదాలూ కదిపింది. 'భుజం' కావచ్చు. 'బారు' కావచ్చు. ఆవిడ ఒక చెయ్యి పైకెత్తి, ఆపి, చాలాసేపు ఏదో చెప్పి, అప్పుడు దించింది. ఆ చెయ్యి ఆగినంతసేపూ ఏం చెప్పిందో అదే కావాలి. చిన్ని వీడియోని వెనక్కి లాగింది. చెయ్యి మళ్లీ లేచింది, ఆగింది, పెదాలు కదిలాయి, దిగింది. మళ్లీ లాగింది. నాలుగోసారికి ఆమె కళ్లు నీళ్లు కారాయి, రెప్ప వేయకుండా చూసినందుకు.

వెనక నీడ పడితే వదిన అనుకుంది. తల తిప్పితే అన్నయ్య. తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. తడిగుడ్డ భుజం మీద ఉంది. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. అతను ఆమెని చూడలేదు, ఆమె చేతిలోని ఫోను చూస్తున్నాడు, అందులో మాట రాకుండా పెదాలు కదుపుతున్న ఆవిణ్ణి. తర్వాత చీపురు కర్రని చూశాడు. కాలిన మచ్చని గోక్కున్నాడు.

వెనక్కి తిరిగి వెళ్లి చాప చుట్టాడు. చుట్టిన చాపని చంకలో పెట్టుకుని, దిండు దానిమీద వేసుకున్నాడు. వదిన పొయ్యి దగ్గరినుంచి లేచి, ఎక్కడికని చేత్తో అడిగింది. అతను చెప్పులు వేసుకుంటున్నాడు. చిన్ని లేచి నిలబడింది. ఒక అడుగు ఇవతలికి వచ్చేసరికి ఫోన్లో బొమ్మ ఆగిపోయి చక్రం తిరగసాగింది.

"అన్నయ్యా," అంది. అలవాటు కొద్దీ గుసగుసగానే వచ్చింది.

అతను తలుపు తీశాడు. ఎండ గది మధ్యదాకా పడింది, కనుబొమల్లో పిండి తెల్లగా మెరిసింది. గడప దాటి, అటు తిరిగి, బేకరీ వైపు నడిచాడు. గడియ పట్టుకోలేదు, పైకెత్తలేదు. వెనక తలుపు దానంతటది వచ్చి ధడాల్మని పడింది.